విరిగిన రాయి – అతికిన రాయి

 

మన లేపాక్షిలో రాయికి కరువు లేదు. కరువంతా నీటికే. ఎటు చూసినా గుండ్లు, బండలు, గుట్టలు. రోజూ చూసేదాని గురించి మనం ఎక్కువగా అడగం. రాయి గట్టిది, విరిగితే విరిగింది, అంతటితో దాని కథ అయిపోయింది అనుకుంటాం. కానీ అయిపోదు. విరిగిన ముక్కలు భూమిలో మళ్లీ అతుక్కుంటాయి. అతికి కొత్త రాయి అవుతాయి. కోసుగా, మూలలు మూలలుగా ఉన్న ముక్కలు అతికి అయిన రాయిని శాస్త్రజ్ఞులు ‘బ్రెక్షియా’ అంటారు. ఇది ఇటలీ భాష నుంచి వచ్చిన మాట. ఆ రాయి ఎట్లా పుడుతుందో, దాన్ని ఎట్లా గుర్తుపట్టాలో, దానికీ మన హాస్టల్ బోరుకూ ఏం సంబంధమో ఈ వ్యాసంలో రాస్తున్నాను.

లడ్డూ, చిక్కీ

ముందు రెండు తినే వస్తువులు తీసుకుందాం. బూందీ లడ్డూలో ఏముంది? గుండ్రటి బూందీ, దాన్ని పట్టుకున్న పాకం. చెనక్కాయ చిక్కీలో ఏముంది? విరిగిన చెనక్కాయ బద్దలు, దాన్ని పట్టుకున్న బెల్లం పాకం. రాళ్లలో కూడా ఇట్లాగే రెండు రకాలు ఉన్నాయి. గుండ్రటి గులకరాళ్లు అతికితే అది ‘కాంగ్లోమరేట్’. అంటే లడ్డూ. కోసు ముక్కలు అతికితే అది బ్రెక్షియా. అంటే చిక్కీ. ముక్కలు రెండు మిల్లీమీటర్ల కంటే పెద్దవిగా ఉండాలి. అంతకంటే చిన్నవైతే అది ఇసుకరాయి కిందికి పోతుంది.

మనుషులు చేసే బ్రెక్షియా కూడా ఉంది. క్రషర్ నుంచి వచ్చిన కంకరను సిమెంటుతో కలిపి పోసిన కాంక్రీటు అదే. మన హాస్టల్ స్లాబు పెచ్చు ఊడిన చోట చూడండి. కోసు ముక్కలు, వాటి మధ్య బూడిద రంగు సిమెంటు కనిపిస్తాయి.

కాబట్టి బ్రెక్షియాకు మూడు కావాలి. ఒకటి ముక్కలు. రెండు, ముక్కల మధ్య ఖాళీ. మూడు, ఆ ఖాళీని నింపే జిగురు. ఈ మూడింటినీ గుర్తుపెట్టుకోండి. చివర్లో మళ్లీ అవసరం వస్తుంది.

మూల చెప్పే సంగతి

ముక్క గుండ్రంగా ఉందా, కోసుగా ఉందా అని ఎందుకు అంత పట్టింపు? ఎందుకంటే మూల చూస్తే ఆ ముక్క ఎంత దూరం ప్రయాణం చేసిందో తెలుస్తుంది. ఏటిలో రాయి దొర్లేటప్పుడు ముందుగా దెబ్బ తగిలేది మూలకే. మూల అరిగి, అంచు అరిగి, చివరికి గుండు అవుతుంది. హిందూపురం దగ్గర పెన్న ఇసుకలో దొరికే గులకరాయిని చేతిలో పట్టుకుంటే నున్నగా ఉంటుంది. అది చాలా దూరం దొర్లింది. కోసు ముక్క అట్లా కాదు. అది విరిగిన చోటే ఉంది, లేదా కొంచెం దూరమే జరిగింది. గుట్ట మీద నుంచి రాలి కింద కుప్ప పడిన రాళ్లన్నీ కోసుగానే ఉంటాయి చూడండి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మన లేపాక్షి గుండ్లు ఇంత గుండ్రంగా ఉన్నాయి కదా, ఇవి కూడా ఏటిలో దొర్లినవేనా? కాదు. ఇవి ఉన్న చోటే గుండ్రమయ్యాయి. బండలో అడ్డంగా నిలువుగా పగుళ్లు ఉంటాయి. వాటి వల్ల బండ పెద్ద పెద్ద పెట్టెల మాదిరి విడిపోతుంది. పగుళ్లలోకి నీళ్లు, గాలి పోతాయి. పెట్టెకు ముఖం మీద ఒక వైపు నుంచే నీళ్లు తగులుతాయి. అంచుకు రెండు వైపుల నుంచి తగులుతాయి. మూలకు మూడు వైపుల నుంచి తగులుతాయి. అందుకని మూల ముందుగా కుళ్లుతుంది. రాతిలో ఉండే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం మెత్తబడి బంకమన్ను అవుతుంది. చుట్టూ మొరం, గరుసు అయి రాలిపోతే మధ్యలో గుండు మిగులుతుంది. ఉల్లిగడ్డ పొరలు ఊడినట్లు బండ మీద పెచ్చులు ఊడేది కూడా ఈ పద్ధతిలోనే. కాబట్టి గుండ్రంగా ఉన్నదంతా ఏరు దాటి వచ్చిందని అనుకోకూడదు. నున్నగా ఉందా, గరుకుగా ఉందా, చుట్టూ ఏముంది అని కూడా చూడాలి.

మన ఊరి నంది ఒకే రాతిలో చెక్కినది. ఎనిమిది మీటర్లకు పైగా పొడవు ఉంటుంది. 16వ శతాబ్దంలో విజయనగర రాజుల కాలంలో గుడి కట్టారు. అంత పెద్ద విగ్రహం చెక్కాలంటే పగులు లేని గుండును ఎంచుకోవాలి. పగులు ఎక్కడ ఉందో తెలిసినవాడే శిల్పి అయ్యాడన్నమాట.

రాయిని ఎవరు విరగ్గొడతారు?

మన చుట్టూ ఉన్న గ్రానైటు, నైసు రాళ్లు చాలా పాతవి. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందటివి. అన్నేళ్లలో వాటిని ఎన్నో శక్తులు విరిచాయి. ముఖ్యమైనవి నాలుగు చెబుతాను.

1. ఎండ, బరువు తగ్గడం: గ్రానైటు భూమి లోతులో, ఎంతో బరువు కింద పుట్టింది. పైనున్న మట్టి, రాయి కొట్టుకుపోయేకొద్దీ బరువు తగ్గి, అణిచిపెట్టిన స్పాంజి వదిలినట్లు బండ కొంచెం ఉబ్బుతుంది. అప్పుడు పొరలు పొరలుగా లేస్తుంది. రాళ్లు కొట్టేవాళ్లకు ఇది బాగా తెలుసు. బండ మీద మంట పెట్టి, వేడికి పొర లేచే దాకా ఉంచుతారు. వరసగా చిన్న గుంతలు కొట్టి ఇనుప చీలలు దిగగొట్టి చీల్చే పద్ధతి కూడా ఉంది. ఆ గుంతల వరసలు హంపిలో విజయనగర కాలపు రాళ్ల మీద ఇప్పటికీ కనిపిస్తాయి.

2. భూమి కదలిక: భూమి లోపల రెండు బండలు ఒకదాని పక్కన ఒకటి జరుగుతాయి. దీన్ని ‘భ్రంశం’ అంటారు. తిరగలి రెండు రాళ్ల మధ్య గింజలు పడినట్లు, ఆ జరిగే చోట రాయి నుగ్గవుతుంది. కొంత కోసు ముక్కలుగా మిగులుతుంది, కొంత పిండి అవుతుంది. మన దక్కను పీఠభూమి గట్టిది, కదలదు అనుకుంటాం. కానీ 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి దగ్గర వచ్చిన భూకంపంలో వేలమంది చనిపోయారు. పాత బండ కూడా విరుగుతుంది.

3. కింది నుంచి వచ్చే పేలుడు: దీనికి ఉదాహరణ మన అనంతపురం జిల్లాలోనే ఉంది. అది వజ్రకరూరు. దాని గురించి కింద వేరుగా రాస్తాను.

4. పై నుంచి పడే ఉల్క: మహారాష్ట్రలో లోనార్ అనే చోట ఉల్క పడి సుమారు 1.8 కిలోమీటర్ల వెడల్పు గుంత ఏర్పడింది. అక్కడి నల్లటి బసాల్టు రాయి నుగ్గయి, కొంత కరిగి, మళ్లీ అతికింది. చంద్రుడి మీద నీళ్లు పారవు, గాలి లేదు. అయినా 1969 నుంచి 1972 వరకు అపోలో వ్యోమగాములు తెచ్చిన 382 కిలోల రాళ్లు, మట్టిలో బ్రెక్షియా చాలా ఉంది. ఉల్కలు పడీ పడీ అక్కడి నేల విరిగింది. ఆ దెబ్బ వేడికి కరిగిన రాయే జిగురు అయింది.

వజ్రకరూరు కథ

వజ్రకరూరు గుంతకల్లు, ఉరవకొండల మధ్య ఉంది. ఊరి పేరులోనే వజ్రం ఉంది. సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట, భూమిలో 150 కిలోమీటర్ల కంటే లోతు నుంచి ఒక రకమైన కరిగిన రాయి పైకి వచ్చింది. దాన్ని ‘కింబర్లైట్’ అంటారు. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ పట్టణం పేరు మీద ఆ పేరు వచ్చింది. ఈ కరిగిన రాతిలో గ్యాసులు ఎక్కువ. సోడా బాటిల్ గట్టిగా ఆడించి మూత తీస్తే ఏమవుతుంది? లోపల అణిగి ఉన్న గ్యాసు ఒక్కసారిగా బుస్సుమని లేస్తుంది. అదేవిధంగా భూమి పైభాగానికి వచ్చేసరికి బరువు తగ్గి గ్యాసు పేలింది. చుట్టూ ఉన్న గ్రానైటు ముక్కలు ముక్కలైంది. ఆ ముక్కలు కొన్ని ఎగిరి, మళ్లీ అదే గొట్టంలోకి పడి, కింబర్లైటుతో కలిసి గట్టిపడ్డాయి. అందువల్ల అక్కడి రాతిలో గ్రానైటు కోసు ముక్కలు ఇరుక్కొని కనిపిస్తాయి. అదే కింబర్లైట్ బ్రెక్షియా.

ఒక విషయం గమనించాలి. వజ్రాలు ఆ పేలుడులో పుట్టలేదు. అవి అంతకుముందే లోతులో తయారయ్యాయి. కింబర్లైటు వాటిని దారిలో మోసుకొచ్చింది. కింబర్లైటు త్వరగా మెత్తబడి మట్టి అయిపోతుంది. వజ్రం మాత్రం అరగదు. అందుకే తొలకరి వానలకు మట్టి కొట్టుకుపోయినప్పుడు వజ్రకరూరు పొలాల్లోనూ, కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి వైపూ జనం తల వంచుకొని వజ్రాల కోసం వెతుకుతారు. చాలామందికి ఏమీ దొరకదు.

బనగానపల్లె వైపు వజ్రాలు దొరికిన పొర వేరు. అక్కడ గులకరాళ్లు అతికిన కాంగ్లోమరేట్ ఉంది. నీళ్లు మోసుకొచ్చి పేర్చిన పొర అది. అంటే ఒకచోట చిక్కీ, ఒకచోట లడ్డూ. ఒకటి పేలుడు కథ, ఇంకొకటి నీటి ప్రయాణం కథ. ముక్కల మూలలు చూసే ఈ తేడా చెప్పగలుగుతున్నాం.

జిగురు ఎక్కడి నుంచి వస్తుంది?

కింబర్లైటులో, చంద్రుడి రాళ్లలో జిగురు కరిగిన రాయి. కానీ మామూలుగా పగిలిన బండను అతికించేది నీరే. నీరు ఎట్లా అతికిస్తుందో తెలుసుకోవాలంటే దూరం పోనక్కర్లేదు. మన స్నానాల గదిలో బకెట్టు అంచు చూడండి. బోరు నీళ్లు ఎండిన చోట తెల్లటి పెచ్చు కట్టి ఉంటుంది. వంటశాలలో నీళ్లు కాచే గిన్నె అడుగున కూడా ఉంటుంది. నీళ్లలో కరిగి ఉన్న సున్నపు పదార్థమే అది. నీళ్లు పోయాక సున్నం మిగిలింది. భూమిలో పగులు గుండా నీళ్లు వేల ఏళ్లు, లక్షల ఏళ్లు పోతూ ఉంటే, ముక్కల మధ్య ఇట్లాంటి పెచ్చే పేరుకుంటుంది. ఒక్కో పొర పల్చగా చేరి చేరి, చివరికి ఖాళీ మూసుకుపోతుంది.

జిగురు మూడు రకాలుగా ఎక్కువగా కనిపిస్తుంది. సున్నం జిగురు తెల్లగా ఉంటుంది, ఇనుప మేకుతో గీస్తే గీత పడుతుంది. తుప్పు జిగురు ఎర్రగా, గోధుమ రంగుగా ఉంటుంది, అది ఇనుము వల్ల వచ్చేది. మూడోది పలుగురాయి. ఇది అన్నిటికంటే గట్టిది, మేకు గీత పడదు. లోతులో ఉండే వేడి నీరు పలుగురాతి పదార్థాన్ని కరిగించుకొని పగులు గుండా పైకి వస్తుంది. వచ్చేకొద్దీ చల్లబడి దాన్ని వదిలేస్తుంది. మన బండల మీద తెల్లటి చారలు కనిపిస్తాయి కదా? అవి చాలావరకు ఒకప్పటి పగుళ్లే. పగిలి, పలుగురాయితో మళ్లీ అతికిన గాయాలు. అట్లాంటి వెడల్పాటి చారలో గ్రానైటు కోసు ముక్కలు ఇరుక్కొని ఉంటే అదే మన ఊరి బ్రెక్షియా.

బోరు బండి, తెల్ల పొడి

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. మనలో చాలామంది తాండాల నుంచి, గుట్టల పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం. బోరు వేయడం చూడనివాళ్లు మనలో ఉండరు. మా తాండాలో బోరు బండి వచ్చిందంటే పిల్లా పెద్దా అందరూ చుట్టూ చేరతారు. బోరు లోపలి నుంచి గాలికి లేచే పొడినే అందరూ చూస్తుంటారు. తెల్లగా, బూడిదగా మెత్తటి పొడి వస్తూ ఉంటే పెద్దవాళ్లు మాట్లాడరు. అడుగులు పెరుగుతాయి, అప్పు పెరుగుతుంది. పొడి ఆగి, కోసు ముక్కలు, వాటి మీద తుప్పు మరక వస్తే మాత్రం “ఉండండి, ఉండండి” అంటారు.

ఎందుకు అట్లా అంటారో ఈ వ్యాసం రాసేటప్పుడు నాకు అర్థమైంది. గ్రానైటు రాతి లోపల ఇసుకలో ఉన్నట్లు సందులు ఉండవు. నీళ్లు ఉండేది పైన మెత్తబడిన మొరంలో, దాని కింద పగుళ్లలో మాత్రమే. మెత్తటి తెల్ల పొడి అంటే విరగని బండ. తుప్పు మరక ఉన్న ముక్క అంటే అక్కడ పగులు ఉంది, ఆ పగులులో నీళ్లు నడిచాయి. లోతుకు పోయేకొద్దీ పైబరువుకు పగుళ్లు బిగుసుకుంటాయి, తక్కువవుతాయి. అందుకే మన వైపు వెయ్యి అడుగులు దాటి వేసిన బోర్లలో కూడా ఎండినవి ఉన్నాయి. లోతు పోతే నీళ్లు తప్పకుండా పడతాయనే మాట నిజం కాదు.

పగులు ఉన్నంత మాత్రాన కూడా చాలదు. అది తెరుచుకొని ఉండాలి. నుగ్గయిన రాయి ముక్కల మధ్య ఖాళీ ఉంటే అది నీళ్ల దారి. అదే ఖాళీ పలుగురాయితోనో, నుగ్గు పిండితోనో మూసుకుపోతే అది గోడ. అంటే ఒకే విరుగుడు ఒకచోట బావి అవుతుంది, ఇంకోచోట అడ్డుకట్ట అవుతుంది. తేడా అంతా ఖాళీలోనే ఉంది.

వార్డెన్ సారుకు ఒక మనవి

పోయిన ఎండాకాలం మన బోరు నీళ్లు తగ్గి ట్యాంకరు కోసం బకెట్లతో నిలబడ్డాం. అందరికీ గుర్తుండే ఉంటుంది. పాత అనంతపురం జిల్లా మొత్తం మీద సగటు వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. 2022 ఏప్రిల్ నుంచి లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది గాని వాన మాత్రం మారలేదు. తక్కువే, కానీ సున్నా కాదు. లెక్క వేద్దాం. 30 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న మిద్దె 300 చదరపు మీటర్లు. దాని మీద ఏడాదిలో పడేది 1,65,000 లీటర్లు. 15 లీటర్ల బకెట్టుతో 11,000 బకెట్లు. కొంత ఆవిరైనా, కొంత చిమ్మిపోయినా లక్ష లీటర్లకు తక్కువ కాదు. ఇప్పుడు ఆ నీళ్లన్నీ రోడ్డు మీదికి పోతున్నాయి.

బోరు పక్కన ఇంకుడు గుంత తవ్వితే వాటిని పగుళ్లలోకి పంపవచ్చు. ఇంకుడు గుంత అంటే ఏమిటి? అడుగున పెద్ద కోసు రాళ్లు, వాటి మీద కంకర, ఆ పైన ఇసుక. అంటే జిగురు లేని బ్రెక్షియా! ముక్కలు ఉన్నాయి, ఖాళీ ఉంది, జిగురు మాత్రం రాకూడదు. ఇక్కడ జిగురు ఒండ్రు మట్టి. మట్టి చేరితే రెండు మూడేళ్లలో గుంత మూసుకుపోయి మామూలు నేల అయిపోతుంది. అందువల్ల ఈ జాగ్రత్తలు తీసుకోవాలి:

• తొలకరి మొదటి వాన నీళ్లలో మిద్దె మీది దుమ్ము, పక్షుల రెట్టలు ఉంటాయి. దాన్ని గుంతలోకి వదలకూడదు.
• పైప్ మూతికి జాలీ కట్టాలి. ఆకులు పోకూడదు.
• పైనున్న ఇసుకను ప్రతి ఎండాకాలం తీసి కడిగి మళ్లీ పోయాలి.
• మరుగుదొడ్ల గుంతకు దూరంగా తవ్వాలి. స్నానాల నీళ్లు, వంటశాల నీళ్లు ఇందులోకి రాకూడదు.
• రాళ్లు పోయకముందే గుంతలో నీళ్లు నింపి, కర్రతో గంట గంటకూ కొలవాలి. త్వరగా ఇంకితే కింద దారి ఉన్నట్లు. ఇంకకపోతే ఇంకో చోటు చూడాలి.

తవ్వడానికి, రాళ్లు మోయడానికి పై తరగతులవాళ్లం ఆదివారాలు సిద్ధంగా ఉన్నాం. చోటు చూపించమని వార్డెన్ సారును కోరుతున్నాను.

చేసి చూడండి

సెలవుల్లో ఊరికి పోయినప్పుడు కోసు ముక్కలు అతికిన రాయి కనిపిస్తే చిన్న ముక్క తీసుకురండి. గుడి ఆవరణలో, నంది దగ్గర మాత్రం ఏ రాయినీ ముట్టుకోవద్దు. అవి పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. తెచ్చిన రాతిని మూడు ప్రశ్నలు అడగండి. ముక్కల మూలలు అరిగాయా, లేదా? ముక్కలన్నీ ఒకే రకం రాయా, వేరు వేరు రకాలా? జిగురు ఏది? మేకుతో గీసి చూడండి. సైన్స్ సార్ దగ్గర సజల హైడ్రోక్లోరికామ్లం ఒక్క చుక్క వేయించండి. బుడగలు వస్తే సున్నం, రాకపోతే పలుగురాయి కావచ్చు.

రాయి దొరికిన చోటు, తేదీ చీటీ మీద రాసి రాయితో పాటు సైన్స్ గది కిటికీలో పెట్టండి. ఎవరి రాయి ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చే నెల ఇదే గోడ మీద పట్టిక వేస్తాను.

ఇట్లు,
మీ మిత్రుడు,
పదవ తరగతి